చేపల తొట్టిని కడగకండి... శుభ్రం చేయండి!



వేసవి సెలవులైపోయి బడులు తెరిచేసరికి మన ఇళ్లల్లో కొన్ని వస్తువులు మిగిలిపోతాయి. సగం అరిగిన రంగు పెన్సిళ్లు, చక్రం ఊడిన చిన్న సైకిలు, హాల్లో ఓ మూల చేపల తొట్టి! మొదటి రెండింటినీ అటక మీదికి తోసేస్తాం. మూడోదాన్ని అటకెక్కించలేం కదా. అందులో ప్రాణమున్న జీవాలున్నాయి. ముచ్చటపడింది పిల్లలు, కొనుక్కొచ్చింది వాళ్ల నాన్నగారు. నెల తిరిగేసరికి దాన్ని కడిగే పని మాత్రం మన నెత్తిన పడుతుంది. ఏ ఇంట్లో చూసినా ఇదే భాగవతం!

ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో ఒక సోదరి రాసిన మాటలు నా మనసుకు పట్టుకున్నాయి. "నెలకోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, గులకరాళ్లన్నీ సబ్బుతో తోమి, అద్దాలు తళతళలాడేలా తుడిచి, కొత్త నీళ్లు నింపుతున్నాను. అయినా మూడో రోజుకో, నాలుగో రోజుకో ఒక చేప తేలిపోతోంది. అమ్మ కడిగితేనే చేపలు చచ్చిపోతాయి అని మా బాబు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంతకంటే శుభ్రంగా ఎలా ఉంచమంటారు?" అని అడిగారు.

అమ్మా, నా జవాబు వింటే మీకు విడ్డూరంగా ఉంటుంది. ఇంతకంటే శుభ్రం చెయ్యొద్దు. కొంచెం కొంచెంగా చెయ్యండి, వారం వారం చెయ్యండి. అలా ఎందుకో తెలిస్తే మీ చేపలు బతుకుతాయి, బాబు అలకా తీరుతుంది.

కనిపించే మురికి, కనిపించని మురికి

మన వంటింటి లెక్కలో శుభ్రం అంటే తోమడం, కడగడం, ఆరబెట్టడం. పళ్లెం మెరిస్తే శుభ్రంగా ఉన్నట్టే. చేపల తొట్టికి ఈ లెక్క పనికిరాదు. అద్దం మెరుస్తూ, నీళ్లు తేటగా ఉన్నా అందులో విషం ఉండొచ్చు. అద్దానికి కాస్త పచ్చటి పాచి పట్టినా చేపకు హాయిగా ఉండొచ్చు.

ఆ విషం పేరు అమ్మోనియా. చేప మొప్పల ద్వారా దాన్ని ఎప్పుడూ నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. వేసిన మలం, తినకుండా వదిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. దానికి రంగు ఉండదు. చేపలకు హాని చేసే కొద్దిపాటి మోతాదులో మన ముక్కుకు వాసన కూడా తెలియదు. చేపకు మాత్రం మొప్పలు మండుతాయి. పైకి వచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం ఆవురావురుమంటుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని మూలన కూర్చుంటుంది. చెరువులోనైతే నీళ్లు బోలెడు కాబట్టి ఈ విషం పలచబడిపోతుంది. రెండడుగుల తొట్టిలో ఉన్న చేప సంగతి వేరు. అది తన మరుగుదొడ్డిలోనే కాపురం చేస్తున్నట్టు!

మరి రోజూ పుట్టే ఈ విషాన్ని తీసేదెవరు? మనం కాదు. మన కంటికి కనిపించని సూక్ష్మజీవులు.

తొట్టికీ తోడు కావాలి

పాలు తోడుపెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ పని చేసేది తోడులో ఉన్న సూక్ష్మజీవులేనని ఇంటర్మీడియెట్‌లో చదువుకున్నది నాకింకా గుర్తుంది. చేపల తొట్టిలోనూ అచ్చం ఇలాంటి వ్యవహారమే జరుగుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తాయి. అది కూడా చేపకు విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ బాగా పేరుకుపోతే తప్ప చేపను అంతగా బాధించదు. మొక్కలకైతే అది ఎరువు. వారం వారం మనం కొంచెం నీళ్లు మార్చేది ప్రధానంగా ఆ నైట్రేట్ పేరుకోకుండా చూడటానికే.

ఈ సూక్ష్మజీవులు ఎక్కడుంటాయి? నీళ్లలో ఉండేవి తక్కువ. ఎక్కువ భాగం గులకరాళ్ల మీద, అద్దాల మీద, అన్నిటికంటే ముఖ్యంగా ఫిల్టరు స్పాంజిలో జిగురుగా అంటుకుని బతుకుతాయి. చేత్తో ముట్టుకుంటే జారుడుగా తగులుతుందే, అది అంతా మురికి కాదు సుమండీ! మీ చేపల ప్రాణాలు కాపాడే తోడు అందులోనే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. రాళ్లన్నీ తీసి సబ్బుతో తోమి, స్పాంజిని కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేసి, నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపితే ఏమవుతుంది? తోడు గిన్నె అడుగంటా కడిగేసి, పాలు తోడుకోలేదేమిటని ఎదురుచూసినట్టే. చేప తన పని తాను చేస్తూనే ఉంటుంది, అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. దాన్ని తినేవాళ్లు లేరు. అందుకే కడిగిన రోజున బాగానే తిరిగిన చేప మూడో రోజుకో, నాలుగో రోజుకో తేలుతుంది. ఉత్తరం రాసిన సోదరి సందేహానికి జవాబు ఇదే.

కొత్త తొట్టి అయితే

పొద్దున్న తొట్టి, మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం చేపలు. దుకాణంలో ఇలాగే ఇచ్చి పంపిస్తారు. కానీ కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినన్ని పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా నీళ్లు తెల్లగా, బియ్యం కడిగిన కుడితిలా కనిపించవచ్చు. కంగారుపడి మొత్తం పారబోయకండి. కొద్దిపాటి నీళ్లు మారుస్తూ, మేత తగ్గిస్తే దానంతటదే తేటపడుతుంది.

దీనికో సులువుంది. మీ తోడికోడలింట్లోనో, పక్కింట్లోనో ఏళ్ల తరబడి ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్కో, గుప్పెడు గులకరాళ్లో అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టి నీళ్లలోనే తడిగా తెచ్చి వెంటనే మీ తొట్టిలో వేయండి. ఇరుగింటి నుంచి మజ్జిగ తోడు తెచ్చుకున్నట్టే! ఆ ఇంటి చేపలకు జబ్బులేమీ లేవని మాత్రం ముందే తెలుసుకోండి. మొదట్లో ఒకటో రెండో చిన్న చేపలే వేసి, నెలన్నర గడిచాక మిగతావి తెచ్చుకోవడం మేలు.

అమ్మోనియా, నైట్రైట్ ఎంతుందో చూసుకునే చుక్కమందుల పెట్టెలు చేపల దుకాణాల్లో దొరుకుతాయి. చిన్న గొట్టంలో తొట్టి నీళ్లు తీసుకుని చుక్కలు వేస్తే రంగు మారుతుంది. ఈ రెండూ సున్నా ఉండాలి. ఒకసారి కొంటే చాలా నెలలు వస్తుంది.

వారం వారం అరగంట పని

ముందు మీ తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో అంచు వరకు నింపితే సుమారు 56 లీటర్లు. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా 45, 50 లీటర్లనుకోండి. వారానికి అందులో నాలుగో వంతు మారిస్తే చాలు. అంటే సుమారు 12 లీటర్లు, ఒక పెద్ద బకెట్టు. తొట్టంతా తోడిపోసి నింపే పనితో చూస్తే ఇది ఎంత? ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇళ్లకు ఇది చిన్న లాభం కాదు.

ముందు రోజు: కుళాయి నీళ్లు వెడల్పాటి బకెట్టులో పట్టి మూత లేకుండా 24 గంటలు ఉంచండి. పంపు నీళ్లలో కలిపే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. మన పేగుల్ని కాపాడే ఆ క్లోరినే చేప మొప్పల్నీ, మన తోడునూ దెబ్బతీస్తుంది. కొన్ని ఊళ్లలో క్లోరమీన్ కలుపుతారు. అది నిలవబెట్టినా పోదు. అందుకని చేపల దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన లెక్కలో కలపడం నిశ్చింత. బోరు నీళ్లయినా సరే, పట్టిన వెంటనే పోయకుండా కొన్ని గంటలు గాలి తగలనివ్వండి.

ఆ రోజు: మొదట ఫిల్టరు, గాలి మోటారు, లైటు స్విచ్చులు ఆపి ప్లగ్గులు పీకేయండి. ఇది మర్చిపోకూడదు. తర్వాత అద్దం లోపలివైపు పాచిని కొత్త స్పాంజి ముక్కతో మెల్లగా రుద్దండి. గిన్నెలు తోమే పీచు వద్దు. ఎంత కడిగినా దానిలో సబ్బు మిగులుతుంది. మొండి పాచికి పాత ప్లాస్టిక్ కార్డు అంచు బాగా పనికొస్తుంది. మనకు కనిపించే ముందు అద్దం ఒక్కటీ తుడిస్తే చాలు, వెనకవైపు పాచిని దాని మానాన వదిలేయండి.

ఆపైన ఒక మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. నోటితో పీల్చకండి. గొట్టాన్ని నీళ్లతో నింపి, రెండు చివరలూ వేళ్లతో మూసి, ఒక చివర తొట్టిలో ముంచి, రెండో చివర కింద పెట్టిన బకెట్టులోకి వదిలితే నీళ్లు వాటంతటవే దిగుతాయి. తొట్టిలోని చివరను గులకరాళ్ల మధ్య అక్కడక్కడా ఆనిస్తూ పోతే అడుగున చేరిన మలం, కుళ్లిన మేత అందులోంచి వచ్చేస్తాయి. ఈ వారం సగం, వచ్చేవారం మిగతా సగం చేయండి. చేపల్ని బయటికి తీయాల్సిన పనే లేదు. వలతో తరిమి పట్టడమే వాటికి సగం చావు.

చివరగా నిలవబెట్టిన నీళ్లు చెంబుతో మెల్లగా పోయండి. పాత నీళ్లకు, కొత్త నీళ్లకు వేడిలో పెద్ద తేడా ఉండకూడదు. మేడ మీద ట్యాంకులో మరిగిపోయిన మధ్యాహ్నపు నీళ్లు అసలే వద్దు.

తీసిన నీళ్లు పారబోస్తున్నారా? అయ్యో, అది బంగారం! నైట్రేట్ ఉన్న నీళ్లు కదా, కుండీలోని కరివేపాకుకో, గులాబీకో, మల్లెకో పోయండి. ఆకు ఎంత పచ్చగా వస్తుందో మీరే చూస్తారు. అయితే ఉప్పు గాని, చేపల మందులు గాని కలిపిన నీళ్లు మొక్కలకు పోయకండి.

ఫిల్టరు స్పాంజి సంగతి

రెండు మూడు వారాలకోసారి, నీళ్లు రావడం మందగించినప్పుడు, స్పాంజిని తీయండి. తొట్టిలోంచి తీసిన ఆ బకెట్టు నీళ్లలోనే నాలుగైదుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. కుళాయి కింద కడగొద్దు, సబ్బు తగలనివ్వొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. కాస్త గోధుమరంగు మిగలాలి. ఫిల్టరు స్పాంజినీ, గులకరాళ్లనూ ఒకే రోజు శుభ్రం చేయకండి. ఒకచోట తోడు పోయినా రెండోచోట మిగలాలి. స్పాంజి చిరిగి మార్చాల్సి వస్తే పాతదీ కొత్తదీ నెలరోజులు కలిపి ఉంచి, తర్వాత పాతది తీసేయండి. రాత్రిపూట ఫిల్టరు ఆపేసే అలవాటుంటే మానుకోండి. కరెంటు పెద్దగా కాలదు. ఆపితే స్పాంజిలోని జీవాలకు గాలి అందదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

తొట్టి మురికవడానికి పెద్ద కారణం మన చేతిలోని మేత డబ్బా. పొద్దున్నే నాన్నగారు ఒక చిటికెడు, బడికి వెళ్తూ బాబు ఒక చిటికెడు, ఆకలిగా చూస్తోందని నాయనమ్మగారు ఇంకో చిటికెడు! చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే చూస్తుందండీ. రెండు నిమిషాల్లో తినేయగలిగినంత మేత, రోజుకు ఒకటి రెండుసార్లు, అంతే. మేత వేసే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. వేసినట్టు క్యాలెండరులో గీత పెట్టించండి. అన్నం మెతుకులు, రొట్టె, బిస్కట్ పొడి వద్దే వద్దు. బంగారు చేపలకు ఎప్పుడైనా ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ చిదిమి వేయొచ్చు. వారానికో రోజు అసలేమీ వేయకపోయినా ఎదిగిన చేపకు ఏమీ కాదు. మనం శనివారం ఒక్కపొద్దు ఉండటం లేదూ?

తొమ్మిది చేపల లెక్క

తొమ్మిది చేపలు, అందులో ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది ఉంటే ఇంటికి కలిసొస్తుందని చాలామంది పెంచుతున్నారు. చేప చచ్చిపోతే ఇంటి మీది దోషం అది పట్టుకుపోయిందని సరిపెట్టుకుంటున్నారు. ఎవరి నమ్మకం వారిది, నేను కాదనను. కానీ బంగారు చేప మామూలు చేప కాదు. తిండీ ఎక్కువ, మలం ఎక్కువ. మంచి చోటిస్తే జానెడు దాటి పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. రెండడుగుల తొట్టిలో చిన్నవి రెండు పెంచడమే ఎక్కువ. అక్కడ తొమ్మిదింటిని వేస్తే అవి చావడానికి ఏ దోషమూ అక్కర్లేదు. నలుగురుండే గదిలో నలభై మందిని కుక్కినట్టవుతుంది. దోషం పట్టుకుపోయిందని ఊరుకుంటే అసలు కారణం వెతకం. మళ్లీ కొత్త చేప తెస్తాం, అదీ పోతుంది. ఇక గుండ్రటి గాజు గిన్నెలైతే చూడటానికే అందం. ఫిల్టరుకు చోటుండదు, నీళ్లు చాలవు. వాటిలో పూలు తేలవేసుకోండి, ముచ్చటగా ఉంటాయి.

ఇంకో మాట. పాచి తినేసి తొట్టిని శుభ్రం చేసే చేప అంటూ ఒంటి మీద చారలు, కింద చప్పరించే నోరు ఉన్న సక్కర్ చేపను అంటగడతారు. అది కొంత పాచి తింటుంది, నిజమే. కానీ తిన్నదానికి తగ్గట్టు మలమూ వేస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు చోటు చాలక జనం చెరువులోనో, కాలవలోనో వదిలేస్తారు. అలా వదిలిన ఈ జాతి చేపలే మన ఏళ్లల్లో, చెరువుల్లో పెరిగిపోయి జాలర్ల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని వాళ్లు తిట్టుకునేది దీన్నే. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి. పుణ్యమని నీళ్లలో వదలకండి.

ఇంట్లో మనం చూసుకోవాల్సినవి

దోమల మందు చిమ్మేటప్పుడు తొట్టికి మూత వేసి, గాలి మోటారు ఆపి, గది గాలి మారాక మళ్లీ పెట్టండి. దోమల చుట్టలు, దోమల ద్రవాల్లో వాడే మందులు చేపలకు తీవ్రమైన విషం. తొట్టి ఉన్న గదిలో అవి లేకుండా దోమతెర కట్టుకోవడమే ఉత్తమం.

కిటికీ ఎండ తొట్టి మీద పడకూడదు. పడితే నీళ్లు పచ్చబడతాయి. లైటు కూడా రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు.

తొట్టిలో చేయి పెట్టేముందు సబ్బు, నూనె, పసుపు లేకుండా మంచినీళ్లతో కడుక్కోండి. పని అయ్యాక మాత్రం సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. చేతికి కోసుకున్న గాయముంటే ఆ వారం పని ఇంకొకరికి అప్పగించండి. చేపల తొట్టి నీళ్ల నుంచి గాయానికి మొండి చర్మవ్యాధి సోకే అవకాశం ఉంది. తొట్టి సామాన్లు వంటింటి సింకులో కడగకండి. బకెట్టు, చెంబు, గొట్టం తొట్టికి వేరుగా పెట్టుకోండి.

తొట్టి నుంచి వచ్చే తీగ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. తీగ వెంట నీటి చుక్క జారినా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

ఎండాకాలంలో

నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది. బంగారు చేప చల్లదనం కోరుకునే జీవి. మే నెలలో మన విజయవాడలోనో, రామగుండంలోనో దాని అవస్థ చెప్పనక్కర్లేదు. చిన్న సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో తేలవేయండి. నేరుగా ఐసు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే అదీ ప్రమాదమే. మేత తగ్గించండి. కరెంటు పోతే చెంబుతో తొట్టి నీళ్లే ముంచి జానెడెత్తు నుంచి ధారగా పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. టీ చల్లార్చుకోవడానికి ఎత్తి పోస్తామే, అలాగ. బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఉంటే మరీ మంచిది.

ఆక్సోలాటిల్ కావాలంటున్నారా?

పిల్లలు ఆడే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటరు ఆటలో 2021 నుంచి ఆక్సోలాటిల్ అనే వింత జీవి కనిపిస్తోంది. మెడకు రెండువైపులా కుచ్చుల్లాంటి మొప్పలు, నవ్వుతున్నట్టుండే నోరు. అలాంటిది కొనిపెట్టమని కూతురు మారాం చేస్తోందని ఇంకో సోదరి రాశారు.

అది చేప కాదండీ, కప్పల బంధువు. ఉభయచరం. కప్ప పిల్లకు పెద్దయ్యాక మొప్పలు పోతాయి. దీనికి పోవు, జీవితాంతం నీళ్లలోనే బతుకుతుంది. కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది! మెక్సికో నగరంలోని సోచిమిల్కో అనే చోట పాత సరస్సుల కాలవలు దీని పుట్టిల్లు. అక్కడ సహజంగా బతికేవి అంతరించిపోయే స్థితికి వచ్చాయి. 2021లో తెచ్చిన 50 పెసోల నోటు మీద మెక్సికో వాళ్లు దీని బొమ్మ వేసుకున్నారు.

దీని తొట్టి శుభ్రానికీ మనం చెప్పుకున్న తోడు సూత్రమే. వారానికోసారి కొన్ని నీళ్లు మార్చడం, ఫిల్టరు తోడు కాపాడటం. అదనంగా, వేసిన మలం, మిగిలిన తిండి ఏ రోజుకారోజు పెద్ద పిచికారీ గొట్టంతో తీసేయాలి. అడుగున గులకరాళ్లు ఉండకూడదు, నోటితో పీల్చి మింగేస్తుంది. ఫిల్టరు ధార మెల్లగా ఉండాలి. దాని ఒంటి చర్మం పలచన కాబట్టి క్లోరిన్, మందులు అసలు పనికిరావు. ఇవన్నీ చేసుకోవచ్చు. చేయలేనిది ఒకటుంది. దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీళ్లు కావాలి, ఏడాది పొడుగునా. మన ఊళ్లలో నీళ్లు చల్లబరిచే యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే తప్ప అది సాధ్యం కాదు. పైగా 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచేవారు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు పెంచుతుంటారు. అక్కడా కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో నిషేధం ఉంది. అందుకని అమ్మాయికి బొమ్మ గీసి గోడకు పెట్టుకోమని చెప్పండి. ప్రాణమున్నదాన్ని తెచ్చి ఉడకబెట్టినట్టు చేయడం కంటే ఆ ముచ్చటే నయం.

అలిగిన పిల్లలకు

బాబు అలిగాడన్న సోదరికి ఒక సలహా. "నీళ్లు మారిస్తే దోషం పోతుందనుకున్నాం" అంటూ మాట తప్పించకండి. వాడికి ఈ తోడు కథ చెప్పండి. పెరుగు గిన్నె చూపించి చెబితే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇట్టే అర్థమవుతుంది. మీరు చేసింది శ్రద్ధతోనే చేశారు. తొట్టి అమ్మినవాళ్లు దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పకపోతే ఇల్లాలు తనకు తెలిసిన పద్ధతిలోనే కడుగుతుంది. అందులో నిందపడాల్సిందేమీ లేదు.

ఆ తర్వాత వారం వారం పనిలో వాడికీ ఒక వంతు ఇవ్వండి. ముందు రోజు బకెట్టు నింపి పెట్టడం, ప్లగ్గులు తీశారో లేదో చూడటం, గొట్టం చివర బకెట్టులో పట్టుకోవడం. వాళ్ల నాన్నగారికి ఫిల్టరు స్పాంజి అప్పగించండి. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయే తొట్టి ఒక్క అమ్మ చేతి పనిగా ఎందుకుండాలి? ప్రాణాన్ని ఇంటికి తెచ్చినవాళ్లు దాని మలమూ ఎత్తాలని పిల్లలు ఈ వయసులో నేర్చుకుంటే, రేపు వాళ్ల సంసారాల్లో అది అక్కరకొస్తుంది.

చీటీ కత్తిరించి తొట్టి పక్కన అంటించుకోండి

రోజూ: చేపలన్నీ తిరుగుతున్నాయా? రెండు నిమిషాల మేత. మిగిలింది తీసేయడం.

వారానికోసారి: నాలుగో వంతు నీళ్లు మార్పు, ముందు అద్దం తుడవడం, సగం గులకరాళ్లలో మలం తీయడం.

రెండు మూడు వారాలకోసారి: స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండటం. ఆ రోజు రాళ్ల జోలికి పోవద్దు.

ఎప్పుడూ వద్దు: సబ్బు, బ్లీచింగు, మొత్తం నీళ్లు ఒకేసారి మార్చడం.

మీ తొట్టి గురించి ఇంకా సందేహాలుంటే దాని కొలతలు, చేపల సంఖ్య, నీళ్లు కుళాయివో బోరువో రాసి పంపండి. వచ్చేవారం వానాకాలంలో పప్పులు, పిండ్లు పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి చెప్పుకుందాం. అంతవరకు సెలవు.